మునిగిన ఓడలే మనవి

మా ఇంట్లో డబ్బు మాట ఎత్తాలంటే సముద్రం ఒడ్డుకి పోవలసి వచ్చేది. నవ్వుకుంటే నవ్వుకోండి, ఉన్న మాట చెబుతున్నాను. వన్‌టౌన్‌లో మాది అద్దెకి తీసుకున్న ఒక గది, దాని ముందు చిన్న వసారా. అందులోనే నేను, మా బావ, ఇద్దరు ఆడపిల్లలు, మా అత్త. బావ అంటే నన్ను కట్టుకున్నవాడే. మా నాన్న సొంత అక్క కొడుకు. చిన్నప్పటినుంచీ బావా, నువ్వు అని అలవాటైపోయిన నోరు పెళ్ళయ్యాక మారమంటే మారలేదు. ఇంటావిడకీ మాకూ మధ్య ఒక గోడ ఉండేది, అటు తుమ్మితే ఇటు చిరంజీవ అనేంత గోడ. అయినా నా భయం ఇంటావిడ గురించి కాదు, మా అత్త గురించి.

ఆవిడ చెడ్డది కాదు. చెడ్డదైతే బాగుండేది, పోట్లాడేసి ఊరుకునేదాన్ని. ఇంట్లో డబ్బు తక్కువైందన్న మాట చెవిన పడిందంటే చాలు, ఎవరికీ చెప్పకుండా రాత్రి తిండి మానేసేది. కంచం పెట్టబోతే "ఆకలి నేదమ్మీ" అనేది. "పొద్దున్న తిన్నదే అరగనేదు" అనేది. ఒక ఏడాది అలా రెండు నెలలు చేసి కుళాయి దగ్గర బిందెతో సహా పడిపోయింది. ఆ రోజునుంచీ నేనూ బావా ఇంట్లో రూపాయి ఊసెత్తడం మానేశాం. మాట్లాడుకోవలసింది ఉంటే "బీచికెల్దామా బావా" అనేదాన్ని. బావకి అర్థమయ్యేది. అత్తకి మాత్రం వేరే అర్థమయ్యేది. "ఇద్దరు గుంటల తల్లివి, ఇంకా సరదాలు తీరనేదేటే నీకు" అని ముసిముసిగా నవ్వేది. సిగ్గూ కోపం రెండూ ఒకేసారి వచ్చేవి నాకు. సరదా కూడానా నా మొహానికి, అనుకుంటూ చెప్పులు వేసుకునేదాన్ని.

బావని ఆ ఒడ్డుకి తీసుకెళ్ళడం కూడా అంత తేలిక కాదు. షిఫ్టు దిగి వచ్చిన మనిషికి నడుం వాల్చాలని ఉంటుంది. "రేపు కూకుందాం" అనేవాడు. రేపు బి షిఫ్టు, ఇంటికొచ్చేసరికి రాత్రవుతుంది. ఎల్లుండి ఎవరో స్నేహితుడి ఇంట్లో బారసాల. ఆ మర్నాడు కాళ్ళ నొప్పులు. డబ్బు గురించి ఆలోచించడానికి తీరిక లేదంటాడు మనిషి, డబ్బు కోసం చాకిరీ చెయ్యడానికి మాత్రం ఇరవై నాలుగ్గంటలూ తీరికే. ఒళ్ళు మండిపోయేది నాకు. నెలకి ఒక్కసారైనా బతిమాలో సాధించో ఇసకలో కూలేసేదాన్ని.

బావ పోర్టులో కళాసీ. ఓడల్లోంచి బస్తాలు దించే గ్యాంగులో పని. ఓడ ఉన్నా లేకపోయినా వచ్చే జీతం ఒకటి ఉండేది, అది అద్దెకీ బియ్యానికీ అయిపోయేది. ఆ పైన వచ్చేదంతా ఓడలమీదే ఆధారం. గోధుమలో, ఎరువో, పంచదారో వేసుకుని ఓడ వస్తే ఎన్ని బస్తాలు దించితే అంత డబ్బు. ఓడ రాకపోతే లేదు. వచ్చే నెల మా ఇంటికి ఎంత వస్తుందో బావకే తెలియదు, ఇంక నాకేం తెలుస్తుంది? తెలిస్తే సముద్రానికే తెలియాలి. రేవు లోపల చోటు దొరికేదాకా ఓడలు బయట లంగరు వేసుకుని నిలబడేవి. ఒడ్డున కూర్చుంటే అవి కనిపించేవి.

వాటిని లెక్కపెట్టడం నాకు బావే నేర్పాడు, పెళ్ళైన కొత్తలో.

"అన్నీ నెక్కెట్టకే," అన్నాడు. "నీట్లోకి బాగా దిగిపోయినట్టుంది సూడు, దాన్లో సరుకుంది. అది మనది. ఇటేపు ఎర్రగా పొట్ట అవుపడతా పైకి తేలినట్టుంది సూడు, అది కాళీది. ఇనప రాయికోసం ఒచ్చింది. ఆ రాయి మిషనే పోసెత్తాది. దాని మీద మనకి పైసా రాదు."

అప్పటినుంచీ మునిగిన ఓడ మాది, తేలిన ఓడ మాది కాదు. పదో తరగతి దాకా చదివాను, లెక్కల్లో ఎప్పుడూ నాకు మంచి మార్కులే. ఆ పొగరు కొంత ఉంది. మూడు మునిగిన ఓడలుంటే ఆ నెల గండం లేదు. ఐదుంటే పిల్లలకి గౌన్లు. ఒక్కటే ఉంటే కందిపప్పు మానేసి ఉలవలు. ఇలా పదేళ్ళు నడిపాను సంసారాన్ని, పెద్దగా తప్పలేదు. వీధిలో మిగతా ఆడవాళ్ళు అప్పులవాళ్ళని చూసి తలుపులు వేసుకుంటుంటే నేను మాత్రం ధీమాగా గుమ్మంలో నిలబడేదాన్ని. అంతా నా తెలివే అనుకునేదాన్ని.

ఇప్పుడు బిట్టు సంగతి చెప్పాలి. నేను పుట్టిన ఊరు స్టీల్‌ప్లాంటు కింద పోయింది. మా అత్త పుట్టింది కూడా ఆ ఊళ్ళోనే. పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద నాన్న నా పేర రాసిన అరెకరం జీడితోట కూడా ఊరితోపాటే పోయింది. నష్టపరిహారం నా పేరనే వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను, రెండువేల చిల్లర. అది చేతిలో పెట్టినప్పుడు ఏడుపు రాలేదు. ముప్ఫై చెట్లు, ఒక నుయ్యి, ఎండాకాలం సెలవులన్నీ, ఇంత పల్చటి కట్టగా అయిపోతాయా అని కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తెలియని కోపం. ఆ కట్ట తెచ్చి బావ చేతిలో పెడితే తీసుకోలేదు.

"అది నీది. నాను ముట్టను," అన్నాడు. "బూమి పోయింది కాబట్టి మల్లీ బూమే కొను."

గాజువాక అవతల ఒక పెద్దాయన తన పొలాన్ని ఇళ్ళ స్థలాల బిట్లుగా విడగొట్టి వాయిదాలమీద అమ్ముతున్నాడని విని వెళ్ళాను. రెండువేలూ ముందు కట్టి నూటయాభై గజాల బిట్టు రాయించుకున్నాను. మిగతాది నెలకి నూట ఇరవై చొప్పున మూడేళ్ళు కట్టాలి. షరతు ఒక్కటే. వరసగా మూడు వాయిదాలు తప్పితే బిట్టు ఇంకొకరికి పోతుంది, కట్టినదాంట్లో సగమే వెనక్కి వస్తుంది. ఆ కాగితాన్ని మడతల దగ్గర చిరిగేదాకా చదివాను. పోయిన ఊళ్ళో నాకని మిగిలింది ఆ బిట్టే కదా.

అందుకే మూడు వాయిదాలకి సరిపడా డబ్బు ఎప్పుడూ ఇంట్లో ఉండాలని బీచిలో కూర్చుని ఇద్దరం అనుకున్నాం. కూడబెట్టడానికి ఏడాది పట్టింది. నాలుగు వందలు. పాత జాకెట్టు గుడ్డలో చుట్టి చోళ్ళ డబ్బాలో, రాగుల కింద అడుగున పెట్టాను. దానికి బావ "కదపని డబ్బు" అని పేరు పెట్టాడు. డబ్బాలో చోళ్ళు అయిపోవచ్చిన రోజుల్లో నాకు కంగారుగా ఉండేది, మూట బయటపడుతుందేమోనని. అంబలి కాచుకోవడానికి చోళ్ళు లేకపోయినా, మూట కప్పడానికి మాత్రం కొనేదాన్ని.

ఆ సాయంత్రం ఎ షిఫ్టు దిగి వచ్చి, అన్నం తిని, బావే అన్నాడు, "బీచికెల్దామేటే" అని.

అంతకు ముందు ఎప్పుడూ తన నోటంట ఆ మాట రాలేదు. వచ్చిందంటే ఏదో ఉందని నాకు తట్టాలి కదా. తట్టలేదు. ఇన్నాళ్ళకి మనిషికి బుద్ధొచ్చింది అనుకుని సంబరపడిపోయాను. అత్త తన మామూలు నవ్వు నవ్వింది. పిల్లలని ఆవిడకి వదిలేసి బయలుదేరాం.

ఒడ్డున ఇంకా ఎండ ఉంది. ఇసకలో కూర్చోగానే నా కళ్ళు ఓడలమీదికి పోయాయి. అంతకు ముందు వారం ఆరు. ఇప్పుడు చూస్తే లెక్క తెగడం లేదు.

"ఇయ్యాల యూనియనాపీసు కాడ…" అని మొదలుపెట్టాడు బావ.

"ఉండు బావా, నెక్క తప్పుతాది."

ఆగాడు. నేను మళ్ళీ ఎడంవైపు నుంచి మొదలుపెట్టాను.

"నాను సెప్పేది ఏటంటే…"

"అదిగో ఆ మూలది సూడు, మునిగిందా తేలిందా? నాకు అవుపడతం నేదు."

కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "మునిగిందే," అన్నాడు.

"తొమ్మిది," అన్నాను. నాకు ఒళ్ళు తేలిపోయింది. తొమ్మిది నేను ఎన్నడూ చూడలేదు. బావ కాసేపు ఇసక తీసి పక్కన పోస్తూ కూర్చున్నాడు. తర్వాత, "ఓలే, నాకు ఒకటి…" అన్నాడు. నేను అప్పటికే చీర దులుపుకుని లేచాను. "ఇంటికాడ మాటాడుకుందాం నెగు, గుంటలు అత్తని పీక్కుతింటన్నారేటో" అన్నాను. ఇంట్లో మాట్లాడుకోలేకే కదా అక్కడికి వెళ్ళింది. ఆ మాట నాకు గుర్తు రాలేదు. బావ గుర్తు చెయ్యలేదు.

మర్నాడు వాయిదా కట్టడానికి గాజువాక వెళ్ళాను. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని పాసుపుస్తకంలో రాస్తూ, "మూల బిట్టు కాళీ అయింది తల్లీ, కావాలంటే మార్చుకో. నాలుగు వందలు తేడా" అన్నాడు. మూల బిట్టు మీద నాకు మొదటినుంచీ కన్నుంది. రెండువైపులా రోడ్డు. రేపు ఇల్లు కట్టుకుంటే ఒక పక్క చిన్న కొట్టు పెట్టుకోవచ్చు, ఓడలమీద ఆధారపడకుండా బతకొచ్చు. ఇంకొకరు అడుగుతున్నారు, సాయంత్రానికల్లా చెప్పాలి అన్నాడు. ఒకే రోజు రెండుసార్లు గాజువాక వెళ్ళొచ్చిన ఘనత నాదే. తొమ్మిది ఓడలంటే రెండు నెలల్లో ఆ నాలుగు వందలూ తిరిగి డబ్బాలో పడతాయి, అప్పుడు చెప్పి బావని ఆశ్చర్యపరుద్దాం అనుకున్నాను. అత్త నిద్రపోతుంటే చోళ్ళ డబ్బాలో మోచెయ్యి దాకా పెట్టి మూట లాగాను.

నాలుగు రోజులకి బావ పనిలో ఉండవలసిన వేళకి ఇంటికి వచ్చాడు. క్యారేజీ విప్పకుండానే ఉంది. వసారాలోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు.

"సమ్మె. పని ఆగిపోనాది. ఓడలన్నీ అలగే ఉంటాయి."

"ఏ ఓడలు?"

"నువ్వు నెక్కెట్టినవే. మావోల్లు పని నెమ్మదిగా సేత్తన్నారని అలగ నిలబడిపోనాయి ఇన్నాల్లూ. ఇప్పుడు అసలే కదలవు."

ఆ ఓడలు వచ్చినవి కాదు, పోలేకపోయినవి. అన్ని మునిగిన ఓడలు ఒక్కసారిగా ఎందుకు నిలబడ్డాయో నేను అడగలేదు. అడగడానికి పక్కనే మనిషి ఉన్నాడు. చెప్పడానికి నోరు కూడా తెరిచాడు.

బావ నా మొహం చూసి భయపడ్డాననుకున్నాడు. "జీతం రాదు. ఎన్నాల్లో తెలీదు. అయితే ఏటి, కదపని డబ్బుంది కదా. మూడు నెల్లు బిట్టుకి బయం నేదు. తిండికి నాను ఏదో కూలికెల్తాను" అని భుజం తట్టాడు. ఆ తట్టడం నాకు ఈ రోజుకీ తెలుస్తోంది. అప్పుడే చెప్పేస్తే అయిపోయేది. చెప్పలేదు. ఒక్క వారంలో సమ్మె తేలిపోతుందిలే అని నన్ను నేనే నమ్మించుకున్నాను.

వారంలో తేలలేదు. బావ ఒక ఇల్లు కడుతున్న చోట ఇటుకలు మొయ్యడానికి వెళ్ళాడు. ఆ కూలి బియ్యానికి వచ్చేది, ఉప్పు పప్పులకి వచ్చేది కాదు. వాయిదా రోజు వచ్చింది. "ఎల్లి కట్టేసి రా" అన్నాడు. సంచీ పట్టుకుని బయలుదేరాను. గాజువాక వెళ్ళి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు బస్టాండులో బల్లమీద కూర్చున్నాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. గాజువాక బస్సు వచ్చినప్పుడల్లా కండక్టరు నా వైపు చూసేవాడు. ఇంటికి వచ్చాక "కట్టేవా?" అన్నాడు బావ. "కట్టేను" అన్నాను. రెండో నెల కూడా అదే బల్ల, అదే అబద్ధం. పాసుపుస్తకం అడుగుతాడేమోనని బియ్యం బస్తా కింద దాచాను. అడగలేదు. అనుమానం ఉంటే కదా అడగడానికి.

ఇప్పుడు "బీచికెల్దామేటే" అనే వంతు బావది. తప్పించుకునే వంతు నాది. తలనొప్పి అన్నాను. బట్టలు నానబెట్టానన్నాను. రేపు కూర్చుందాం అన్నాను. అయిదేళ్ళపాటు తను నాకు చెప్పిన సాకులన్నీ ఏరి తనకే తిరిగి అప్పజెప్పాను. డబ్బు గురించి కూర్చుని ఆలోచించడానికి మనుషులు తీరిక లేక రారనుకునేదాన్ని. తీరిక కాదు, కూర్చుంటే ఏం బయటపడుతుందో అన్న భయం అని అప్పుడు తెలిసింది. బావ సాకులు చెప్పిన రోజుల్లో అతనికేం భయాలుండేవో అని ఒక్కసారి కూడా అనుకోలేదు నేను. కోప్పడ్డానంతే.

రోజురోజుకీ ఓడలు పెరిగాయి. మసక పడగానే వాటిమీద దీపాలు వెలిగేవి. నీళ్ళమీద ఒక ఊరు లేచినట్టుందని వీధిలో జనమంతా ముచ్చటగా చూడ్డానికి పోయేవాళ్ళు. మా పెద్దపిల్ల కూడా ఇంటావిడ పిల్లలతో వెళ్ళి, పరుగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా, పదిహేడు" అంది. లాగి చెంపమీద ఒకటి కొట్టాను. ఎందుకు కొట్టానో దానికి తెలియదు. తొమ్మిదేళ్ళ పిల్ల, లెక్క తప్పు చెప్పాననుకుంది కాబోలు, "పద్దెనిమిదేమో" అని ఏడుస్తూ సర్దుకుంది. పొయ్యి మూల కూర్చుని నేనూ ఏడ్చాను.

ఈలోగా మా అత్త కంచం బోర్లించడం మొదలుపెట్టింది. ఎవరూ ఏమీ చెప్పలేదు ఆవిడకి. మూడో వాయిదాకి వారం రోజులుందనగా, ఒక ఆదివారం మధ్యాహ్నం, వసారాలో కూర్చున్న మనిషి లేచి కొంగు బొడ్లో దోపింది.

"నడండి ఇద్దరూ. బీచికెల్దాం. నానూ వొత్తాను."

మేం మొహమొహాలు చూసుకున్నాం. కాదనడానికి కారణం దొరకలేదు. పిల్లల్ని ఇంటావిడకి చెప్పి నడిచాం. ఒడ్డుకి చేరేసరికి ఆవిడ రొప్పుతోంది. ఇసకలో చతికిలబడి, మమ్మల్ని చెరో పక్కా కూర్చోబెట్టింది.

"మీరు సరదాకి రారని నాకు మొదట్నించీ తెలుసు," అంది. "సరదాకెల్లినోల్లు ఏడుపు మొకాలేసుకుని తిరిగొత్తారేటే? నాను నవ్వితే మీకు కొంచెం దైర్నంగుంటాదని నవ్వీదాన్ని. ఇప్పుడు సెప్పండి, ఏటైనాది."

ఆ మాటకే నాకు సగం ప్రాణం పోయింది. బావ మాట్లాడతాడేమో అని చూశాను. బావ నన్ను చూశాడు. ఓడలు లెక్కపెట్టి డబ్బు అంచనా వేసుకుంటామని చెప్పాను. మునిగినవి మనవి, తేలినవి కావు అని వివరించాను. ఆవిడ శ్రద్ధగా వింది.

"సమ్మెకి ముందు ఎన్నున్నాయన్నావు?"

"తొమ్మిది."

"అంతకు ముందు వారం?"

"ఆరు."

"ఆ ముందు?"

"నాలుగు."

"మరి లోనకెల్లినవి ఎన్ని?"

నేను ఓడల వైపు తిరిగాను.

"బండి సంతకి సేరితే డబ్బులు. తోవలో నిలబడిపోన బండిని నెక్కెట్టి ఏటి సేత్తావే అమ్మీ? వొచ్చినవి నెక్కెట్టేవు. కదిలినవి నెక్కెట్టనేదు."

ఏ బడికీ పోని మనిషి. పదో తరగతి చదివిన నేను ఆవిడ ముందు తలెత్తలేకపోయాను. బావకి జాలేసినట్టుంది. "పోనీలే అమ్మా, దాన్ననకు. కదపని డబ్బుంది. బిట్టుకి ఏటీ కాదు" అన్నాడు.

ఇంక ఆపుకోలేకపోయాను. చెప్పేశాను. మూల బిట్టు, చోళ్ళ డబ్బా, బస్టాండు బల్ల, రెండు నెలల వాయిదాలు, అన్నీ. వచ్చే ఆదివారంలోగా కట్టకపోతే బిట్టు పోతుందని కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ బావ వైపు చూడలేదు. తిడతాడని కాదు. తిట్టడని తెలుసు, అదే నా భయం.

బావ అడిగాడు. "రెండు నెల్లూ బస్టాండులో కూకున్నావా?"

"ఆఁ."

"ఒక్కదానివే?"

తల ఊపాను. అత్త ఓడల వైపే చూస్తూ, "ఆ బిట్టు పోతే మనూరు రెండోపాలి పోయినట్టేనే" అంది. ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత కళ్ళు తుడుచుకుని, "మూల అని ఎవులికి కావాలే? కాలు పెట్టుకోడానికి నేలుంటే సాలు. ఎల్లి ఆ మూల వొగ్గీసి, డబ్బులు సర్దమని అడుగు. రేపే ఎల్లు. ఆడ్నీ తీసుకెల్లు" అంది. ఆ రాత్రి తనే కంచం తెచ్చుకుని కూర్చుంది.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. బస్సులో బావ నాతో మామూలుగానే మాట్లాడాడు, ఆ మామూలుతనం నన్ను తినేసింది. పెద్దాయన అంతా విన్నాడు. మూల బిట్టు వదులుకుంటే నాలుగు వందలు వెనక్కి ఇవ్వలేనన్నాడు, కానీ వాయిదాల కింద జమ వేసుకుంటానన్నాడు. తప్పిన రెండూ, రాబోయేది ఒకటీ, మూడు వందల అరవై. మిగిలిన నలభై ఆ తర్వాతి దాంట్లో. నాకు ఊపిరి వచ్చింది. నా పాత బిట్టు నాకిచ్చెయ్యమన్నాను.

"అది అప్పుడే ఇంకొకరు తీసేసుకున్నారు తల్లీ. ఆఖరి వరసలో ఒక్కటే ఉంది. గెడ్డ పక్కన."

గెడ్డ అంటే వానాకాలం పారే వాగు. ఎండాకాలం గేదెలు పడుకునే పల్లం. ఎవరూ తీసుకోక మిగిలిపోయిన బిట్టు అది. అడ్డం కూడా సమంగా ఉండదు, గెడ్డ కోసుకుపోయిన వైపు వంకరగా ఉంటుంది. సంతకం పెట్టాను. బావ సాక్షి సంతకం పెట్టాడు.

ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ బిట్టులో కట్టిన ఇంట్లోనే. ఆ తర్వాత పది రోజులకి సమ్మె తేలింది, మిగతా వాయిదాలు ఒకటీ తప్పలేదు. అత్త ఈ ఇంట్లోనే నాలుగేళ్ళుంది. పెద్ద వాన పడితే ఇప్పటికీ పెరట్లోకి గెడ్డ వస్తుంది, గుమ్మానికి ఇసక బస్తాలు అడ్డం వేస్తాం. మూల బిట్టులో మూడంతస్తులు లేచాయి, కింద మందుల కొట్టు. అటువైపు నుంచి వచ్చినప్పుడల్లా తల దించుకునే నడుస్తాను. కొట్టుకోసం కాదు. ఆ రోజు, సంతకాలయ్యాక, ఈ నేలమీద కూర్చుని విన్న మాటకోసం.

ఎండ బాగా ఉంది. బిట్టు చివర ఒక జిల్లేడు మొక్క తప్ప ఏమీ లేదు. దూరంగా స్టీల్‌ప్లాంటు కడుతున్న వైపు పొడుగాటి క్రేన్లు కనిపిస్తున్నాయి. వాటి కింద ఎక్కడో మా జీడితోట. బావ తువ్వాలు పరిస్తే దానిమీద ఇద్దరం కూర్చున్నాం.

"ఇక్కన్నించి ఓడలు అవుపడవు," అన్నాడు బావ.

"మంచిదే."

నాకు అడగాలని ఉంది, అడగడానికి భయంగానూ ఉంది. అడిగాను.

"ఆ నాడు నువ్వు సెప్దామనుకున్నది సమ్మె గురించే కదా బావా?"

"అదొక్కటే కాదే. సమ్మె సంగతి నాలుగు రోజులుంటే అందరికీ తెలిసేదే."

"మరేటి?"

బావ జిల్లేడు ఆకు ఒకటి తుంచి, పాలు వేళ్ళకి అంటకుండా పట్టుకున్నాడు. నా వైపు చూడలేదు.

"నాకు బయమేత్తంది, ఆ డబ్బా ముట్టుకోకు అని సెప్దామనుకున్నాను."

"సెప్పొచ్చు కదా బావా. గట్టిగా సెప్పొచ్చు కదా."

"ఎలగ సెప్పీది?" అన్నాడు. "నువ్వు నెక్కెడతన్నావు కదే."